నాలుగు పనులూ దేవుడిచ్చినవే అనిపిస్తోంది. ఇప్పుడు చేయాల్సింది ఏది?

కేఆర్ పురం చెల్లి అడిగిన ప్రశ్న:

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. ఎనిమిదేళ్లుగా బెంగళూరులో, కేఆర్ పురంలో ఉంటున్నాం. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. కథ చెప్పడం, పాట రాయడం చిన్నప్పటి నుంచి వచ్చు. అది దేవుడిచ్చిన తలాంతు, ఆయన పనికే వాడాలని నా ఆశ. ఇప్పుడు నాలుగు పనులు చేతిలో ఉన్నాయి. నాలుగూ ప్రార్థన చేసి మొదలుపెట్టినవే.

మొదటిది ఆడియో కథలు. మా అమ్మమ్మకి 81 ఏళ్లు. గ్లకోమాతో చూపు దాదాపు పోయింది. పోయినేడాది సంక్రాంతి సెలవులకి ఊరెళ్లినప్పుడు మూసి ఉన్న బైబిలు ఒళ్లో పెట్టుకుని, దాని అట్ట మీద చెయ్యి ఆనించి కూర్చుని ఉంది. పొద్దున్నే చదవడం అలవాటు కదా, చదవలేకపోయినా ఆ టైముకి పుస్తకం ఒళ్లోకి రావాల్సిందేనట. ఆ రాత్రే అనుకున్నాను, మా ఊరి మాటల్లో 25 బైబిలు కథలు చెప్పి పంపాలని. తొమ్మిది అయ్యాయి. వాట్సాప్‌లో పంపితే మధ్యాహ్నం పూట అరుగు మీద ఇంకో నలుగురు ముసలమ్మలు కూడా చేరి వింటున్నారు.

రెండోది పిల్లల బొమ్మల పుస్తకం, రూతు కథ, 24 పేజీలు. ఇక్కడ మన పిల్లలు తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. వాళ్ల కోసం పెద్ద అక్షరాలు, చిన్న చిన్న వాక్యాలు. బొమ్మలు వేసే అమ్మాయి 14 బొమ్మలు ఇచ్చింది. మూడోది మా సంఘంలో సెమీ క్రిస్మస్‌కి, అంటే క్రిస్మస్‌కి ముందు జరిపే వేడుకకి, నాటిక, 22 మంది పిల్లలు. నాలుగోది పాటలు. ఐదు రాశాను, మూడింటికి బాణీ కుదిరింది.

జూన్‌లో ఒక స్టూడియో వాళ్లు తక్కువ రేటుకి రికార్డింగ్ చేసిస్తామన్నారు. తలుపు తెరుచుకుంది, ఇది దేవుని చిత్తమే అని 8,000 అడ్వాన్సు కట్టేశాను. మూడుసార్లు డేటు మార్చి, ఆ తర్వాత ఫోను ఎత్తడం మానేశారు. అదే నెలలో పుస్తకం, నాటిక, కథలు అన్నీ కలిపి నడిపాను. కథలు రాత్రి పదకొండు దాటాకే రికార్డ్ చేయాలి, అప్పటిదాకా పక్కింటి మోటారు ఆగదు. బీరువా తలుపులు తెరిచి, వేలాడే చీరల మధ్య ఫోను పెట్టి, తల మీద దుప్పటి కప్పుకుని చెబుతాను. చీరలు ఉంటే గొంతు గది గోడలకి కొట్టుకోదు. ఆ రాత్రి రూతు కథ చెప్పేసరికి ఒంటిగంటన్నర. మళ్లీ వినకుండానే పంపేశాను.

పొద్దున్నే అమ్మమ్మ ఫోను. "బంగారం, రూతు పెనిమిటి మహ్లోను కదా. కిల్యోను అన్నావేంటమ్మా? ఆరోగ్యం బాలేదా?" అంది. రూతు నాలుగో అధ్యాయం పదో వచనంలో ఉంటుంది ఆ సంగతి. పుస్తకం కోసం నెలల తరబడి చదివిన కథే అది! తప్పు కన్నా, ఆమె నా ఆరోగ్యం అడగడమే నన్ను ఏడిపించింది.

ఇప్పుడు అడిగేది ఇదే. నాలుగింటి మీదా భారం ఉంది. ఏది ఇప్పటి పని, ఏది తర్వాతి పని అని ఎలా తెలుసుకోవాలి? తలుపు తెరుచుకుంటే వెళ్లమంటారు. తెరుచుకున్న తలుపే నన్ను మోసం చేసింది. ఆపేస్తే సోమరితనమా, ఆపకపోతే తొందరపాటా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పెరంబూరు పెద్దాయన జవాబు:

అమ్మా, వందనాలు. మీది ఒంగోలు వైపు అన్నావు కాబట్టి నీకు తెలిసిన కథే గుర్తుచేస్తాను. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకి కూలి ఇప్పించారు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని జనం ఎంత అడిగినా ఆయన ఆపి ఉంచారు. తిండి కోసం వచ్చారన్న మాట ఆ విశ్వాసుల మీద పడకూడదని. కరువు సాయం అయిపోయాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

అదే కాలువ మా చెన్నైలో కూడా ఉంది. ఈమధ్య దాని పక్కన నడుస్తుంటే నీ ప్రశ్న లాంటిదే నాకూ తట్టింది. బాప్తిస్మం అనే మంచి పనిని ఆయన ఆపారు, కానీ ఖాళీగా కూర్చోలేదు. కాలువ తవ్వారు, కూలి లెక్కలు చూశారు, చావుబతుకుల్లో ఉన్నవాళ్లని చూశారు. ఆగమన్న పని పక్కనే చేయమన్న పని ఒకటి ఆయనకి కనిపించింది. నాకైతే దేవుని సమయం కోసం కనిపెట్టడం, అంటే ఎదురుచూడడం, అదే.

ఇంకో మాట. అపొస్తలుల కార్యములు 16లో ఆసియలో, అంటే ఇప్పటి టర్కీలోని ఒక ప్రాంతంలో, వాక్యం చెప్పకుండా పౌలుని ఆపింది పరిశుద్ధాత్మే. తీరా 19వ అధ్యాయానికి వస్తే అదే ఆసియలో, ఎఫెసులో, రెండేళ్లు ఉన్నాడు. ఆ ప్రాంతమంతా విన్నది. ఒకసారి వద్దన్న చోటికే దేవుడు మళ్లీ పంపాడు. నీ పాటల విషయంలో స్టూడియో వాళ్లు చేసినది అన్యాయం, దాన్ని దేవుడి మీద వేయకు. అలాగని పాటలు ఎప్పటికీ వద్దని కూడా తీర్పు చెప్పుకోకు.

నేను 1990ల్లో మా క్వయర్‌తో ఒక క్యాసెట్ చేశాను. క్రిస్మస్‌కి ఎలాగైనా రావాలని పట్టుబట్టి, గొంతులు కుదరకుండానే రికార్డింగ్‌కి తీసుకెళ్లాను. ఒక అక్కయ్య జ్వరంతో పాడింది. ఈ రోజుకీ ఆ మూడో పాట వినలేను. పండగ తేదీని దేవుడి సమయం అనుకున్నాను. తేదీ పెట్టింది నేను.

శివాజీనగర్‌లో డీటీపీ పని చేసే తమ్ముడి జవాబు:

అక్కా, నాకు తెలిసింది ప్రెస్సు పని, అదే చెబుతాను. అక్టోబరు దాటితే ప్రెస్సులన్నీ క్యాలెండర్లు, డైరీలు, వాగ్దాన కార్డులతో నిండిపోతాయి. 14 బొమ్మలే అయ్యాయంటే ఈ క్రిస్మస్‌కి పుస్తకం కష్టం. హడావుడిగా తెస్తే తప్పులు మిగులుతాయి. ఆడియోలో పేరు తప్పు పోతే మళ్లీ చెప్పి పంపొచ్చు, ప్లేట్లు వేసి వెయ్యి కాపీలు కొట్టాక కిల్యోను కిల్యోనుగానే ఉండిపోతాడు.

ఇంకొన్ని. మీరు ఫోనులోనో వర్డ్‌లోనో యూనికోడ్‌లో టైపు చేసి ఉంటారు. చాలా ప్రెస్సులు ఇంకా యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలోనే పేజీలు కడతాయి. మార్చేటప్పుడు ఒత్తులు, వట్రసుడులు చెడిపోతాయి. పిల్లల పుస్తకంలో అక్షరం పెద్దది కాబట్టి అది ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పేజీలు కట్టిన తర్వాతే ప్రూఫు చూడండి, ముందు కాదు. 24 పేజీలు నాలుగుతో భాగిస్తే సరిపోతుంది కాబట్టి సెంటర్ పిన్ కొట్టడానికి ఇబ్బంది లేదు. పుస్తకాన్ని గుర్తించే ఐఎస్‌బీఎన్ నంబరు మన దేశంలో ఉచితం, ఆన్‌లైన్‌లో అప్లై చేసుకోవచ్చు. బొమ్మలేసిన అమ్మాయితో హక్కుల సంగతి ఒక కాగితం మీద రాసుకోండి, తర్వాత మాట రాకుండా.

అన్నిటికన్నా ముందు, అయిన 14 బొమ్మలతో ఇంట్లో ప్రింటరు మీద రెండు కాపీలు తీసి, పిన్ను కొట్టి, ఇద్దరు పిల్లల చేతుల్లో పెట్టండి. ఏ పేజీ దగ్గర ఆగుతున్నారో, ఏ మాట దగ్గర అమ్మని అడుగుతున్నారో పక్కన కూర్చుని చూడండి. పుస్తకం సిద్ధమైందో లేదో వాళ్లే చూపిస్తారు. నేను దీన్ని ప్రార్థనకి బదులుగా చెప్పడం లేదు. ప్రార్థన చేసి చూడమంటున్నాను.

మారతహళ్లి సండే స్కూల్ అక్క జవాబు:

చెల్లీ, పెద్దాయన మాటకి ఒకటి కలుపుతాను. ఆ 2,222 మందికి బాప్తిస్మం క్లౌ దొరగారు తన చేత్తో ఇవ్వలేదు. మన తెలుగు బోధకులే ఇద్దరేసి నీళ్లలోకి దిగి ఇచ్చారు, అలిసినప్పుడు ఇంకో ఇద్దరు దిగారు. నాటికని నువ్వొక్కదానివే ఎందుకు మోస్తున్నావు? నిర్గమకాండము 35లో దేవుడు ప్రత్యక్ష గుడారం పని చేసిన బెసలేలుకి పనితనం ఒక్కటే ఇవ్వలేదు, ఇతరులకి నేర్పే బుద్ధి కూడా పుట్టించాడు. స్క్రిప్టు నువ్వు రాయి. రిహార్సల్స్ మీ సంఘంలో ఇంటరో డిగ్రీయో చదివే ఆడపిల్లకి అప్పగించు. మొదట్లో నీలా చేయదు, చెయ్యనివ్వు. గొర్రెల కాపరుల డ్రెస్సులు మా దగ్గర తొమ్మిది ఉన్నాయి, పంపిస్తాను.

పెద్దాయన మీద గౌరవంతోనే ఇంకో మాట కూడా చెప్పాలి. ఆగడం అన్నిటికీ వర్తించదు. పుస్తకం వచ్చే ఏడాది వచ్చినా ఆ పిల్లలు ఉంటారు. మీ అమ్మమ్మకి 81. మా నాన్నగారి సాక్ష్యం రికార్డ్ చేద్దామని నేను మూడేళ్లు అనుకున్నాను. మంచి మైకు కొన్నాక చేద్దామని. మైకు వచ్చింది, ఆయన లేరు. ఇది నిన్ను భయపెట్టడానికి కాదు. దేవుని సమయం గురించి నేను ప్రార్థించిన ప్రతిసారీ ఆ మైకు నా కళ్ల ముందు ఉంటుంది.

కేఆర్ పురం చెల్లి:

ముగ్గురికీ వందనాలు. మూడు రోజులు మెట్రోలో వస్తూ పోతూ మీ మాటలే చదివాను. అక్కా, మీ నాన్నగారి సంగతి చదివి దిగాల్సిన స్టేషన్ దాటిపోయాను.

సంఖ్యాకాండము 9 మళ్లీ తీశాను. అరణ్యంలో ఇశ్రాయేలీయులకి దారి చూపే మేఘం రెండు రోజులు ఆగినా, నెల ఆగినా, ఏడాది ఆగినా వాళ్లు గుడారాలు వేసుకుని ఉండిపోయేవాళ్లు. ఎంతకాలమో ముందుగా ఎవరికీ చెప్పలేదు. ఎన్నాళ్లు ఆగాలో ముందే తెలియాలని పట్టుబట్టడమే నా టెన్షన్‌లో సగం అని నాకు అర్థమైంది.

నాటిక రిహార్సల్స్ బీకామ్ చదివే ఒక చెల్లికి అప్పగించాను. ఆదివారం మొదటి రిహార్సల్ అయింది. హేరోదుకి ఆమె పెట్టించిన గొంతు నాకు తట్టనిది. పుస్తకాన్ని మేలో విబిఎస్‌కి, అంటే పిల్లల సెలవుల బైబిలు బడికి, అనుకుంటున్నాం. బొమ్మలేసే అమ్మాయికి ఆ మాట చెబితే, తన పరీక్షలున్నాయని నాకు చెప్పలేక ఇన్నాళ్లు ఇబ్బంది పడిందట. పాటల నోటుబుక్కు మా ఆయనకి ఇచ్చి దాచమన్నాను. ఆ 8,000 సంగతి మాత్రం ఇంకా గుండెల్లో గుచ్చుతోంది, ప్రార్థించండి.

నిన్న అమ్మమ్మకి ఫోను చేసి మొత్తం చెప్పాను. విని, "అయితే తర్వాతది ఏస్తేరు చెప్పు" అంది. "అందులో పేర్లు ఎక్కువ. నువ్వు నిద్రమత్తులో చెబుతావు. ముందు రోజు సాయంత్రం నాకు ఫోనులో చదివి వినిపించు, నేను సరిచూస్తాను" అంది. ఈరోజు ఏడింటికి మొదటి అధ్యాయం చదివాను. అహష్వేరోషు దగ్గర రెండుసార్లు ఆపించింది.