చివరి వక్త పోయాక యాగాన్‌ను మృతభాష అనాలా?

కృష్ణాతీరం:
చిలీ దక్షిణాగ్రాన నవరినో దీవిలో నివసించిన క్రిస్టినా కాల్డెరాన్ 2022 ఫిబ్రవరి 16న, 93 ఏళ్ల వయసులో కన్నుమూశారు. అక్కడి ఆదివాసులైన యాగాన్‌ల భాష యాగాన్‌ను తల్లిభాషగా మాట్లాడగలిగినవారిలో ఆవిడే చివరివారు. అయితే 19వ శతాబ్దంలో మిషనరీ థామస్ బ్రిడ్జెస్ కూర్చిన నిఘంటువులో 32 వేలకు పైగా మాటలు భద్రంగా ఉన్నాయి. ఇంత పదసంపద చేతిలో ఉండగా ఆ భాషను మృతభాషల్లో కలిపేయడం అన్యాయమని నా అభిప్రాయం. సభ్యులు ఏమంటారు?

నిఘంటుప్రియ:
కృష్ణాతీరం గారూ, ఆ నిఘంటువు విలువను నేను తక్కువ చేయను. దక్షిణ అమెరికా కొసన ఉన్న టియెర్రా దెల్ ఫ్యూగో దీవుల వాసుల పలుకును స్పష్టమైన భాష అనడానికే వీల్లేదన్నట్టు డార్విన్ రాసిన కొన్ని దశాబ్దాలకే, కుర్రవాడిగా ఫాక్‌లాండ్స్‌లోని కెపెల్ దీవిలో యాగాన్‌ల మధ్య మసలి వారి భాష పట్టుకున్న బ్రిడ్జెస్ ఆ మాటను పూర్తిగా తిప్పికొట్టారు. ఆయన మాటలు పోగుచేస్తున్న కాలంలోనే, 1884లో వచ్చిపడిన తట్టు, ఇతర అంటురోగాలు ఆ మాటలు చెప్పినవారిని మింగేశాయన్నది తలచుకుంటేనే కడుపు తరుక్కుపోతుంది.

కానీ 32 వేలన్న సంఖ్యను జాగ్రత్తగా చూడాలి. యాగాన్‌లో ధాతువుకు ముందూ వెనుకా ప్రత్యయాలు చేరుతూ మాటలు పుడతాయి కాబట్టి, ఆ నిఘంటువు పదాల్లో ఇలా ప్రత్యయాలతో పుట్టిన రూపాలు చాలా ఉన్నాయి. గిన్నిస్ పుస్తకం అతి క్లుప్తమైన మాటగా ఎక్కించిన 'మామిహ్లాపినాతాపాయ్' సంగతే చూడండి. ఇద్దరికీ ఇష్టమైన పనిని ఎదుటివారే మొదలుపెడితే బాగుండునని ఒకరినొకరు చూసుకోవడమని దానికి అర్థం చెబుతారు. అందులో ధాతువు 'ఇహ్లాపి', అంటే ఏం చేయాలో తోచకపోవడం. 'ఇద్దరు', 'పరస్పరం' అన్న భావాలు ప్రత్యయాలు తెచ్చినవి. ఆ చూపుల ముచ్చటను లోకమంతా చెప్పుకుంటోంది గానీ, అదే ప్రత్యయాన్ని వేరొక ధాతువుకు తడుముకోకుండా తగిలించి మాట్లాడేవారు లేరు. అందుకే మృతభాష అనక తప్పదంటాను.

పదసేద్యం:
ఇద్దరూ నిఘంటువు దగ్గరే ఆగిపోయారు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1962లో వ్యవసాయ వృత్తి పదకోశం తెచ్చినప్పుడు మాటల కోసం రైతుల దగ్గరికే వెళ్లారు. పనితో పాటే మాట బతుకుతుందని ఆ సేకరణ చూస్తే తెలుస్తుంది. యాగాన్‌లో పడవ పేరు 'అనాన్'. చెట్టు బెరడుతో కట్టిన ఆ పడవ నడుమ నిప్పు వెలుగుతుండేది, తెడ్డు వేసేది ఆడవాళ్లే, గవ్వజీవుల కోసం చన్నీళ్లలో మునిగేదీ వాళ్లే. ఆ బతుకు మాసిపోయినప్పుడు, మాట్లాడేవారు ఉండగానే, దానితో ముడిపడ్డ మాటలకు పని లేకుండా పోయింది. కాబట్టి చావుకు 2022 అని తేదీ వేయడం నాకు సమ్మతం కాదు.

మిగిలినవి ఎక్కడున్నాయో కూడా చూడండి. ఉష్వాయా, లపతాయా, యెండెగాయా అన్న అక్కడి చోట్ల పేర్ల చివర వినిపించే 'ఆయా' యాగాన్‌లో సముద్రపు అఖాతానికి పేరు. నవరినోలో తేనెపిట్ట (హమ్మింగ్‌బర్డ్) నేటికీ 'ఒమోరా'యే. అక్కడి వృక్షోద్యానానికీ అదే పేరు. క్రిస్టినా, ఆమె అక్క ఉర్సులా చెప్పిన పక్షుల పేర్లు, కథలు ధ్వనిముద్రణలుగా ఉన్నాయి, క్రిస్టినా మనవరాలు చిన్న నిఘంటువు కూడా తెచ్చారు. తల్లితో పాటు విలువైన జ్ఞానం పోయినా భాషను కాపాడుకునే దారి మూసుకుపోలేదని క్రిస్టినా కూతురు లిడియా గొంజాలెజ్ ఆవిడ కన్నుమూసిన రోజే రాశారు. వారు వాడని 'మృత' అన్న మాటను మనం వాడడం ఎందుకు?

నిఘంటుప్రియ:
పదసేద్యం గారూ, మాట విషయంలో మీతో ఏకీభవిస్తాను. 'తల్లిభాషగా మాట్లాడేవారు లేరు' అని రాస్తే నిజమూ చెప్పినట్టవుతుంది, వారినీ నొప్పించం. అయితే పేర్లు మిగలడాన్ని భాష మిగలడంగా లెక్కించలేను. రోసా యాగాన్ అనే యాగాన్ మహిళ అసలు పేరు లకుతాయా లే కిపా, అంటే లకుతా అఖాతంలో పుట్టిన స్త్రీ. పుట్టిన చోటును బట్టి పేరు పెట్టుకునేవారి భాష అది. ఇప్పుడు అక్కడ పుట్టే ఆడపిల్లను ఇంట్లో 'కిపా' అని పిలిచే రోజు వస్తే నా వాదన నేనే సంతోషంగా వెనక్కి తీసుకుంటాను.