పోయిన మామయ్య పాత యూజ్‌నెట్ పోస్టులు ఏరి పుస్తకం వేయొచ్చా?

గోదారమ్మాయి: మా మేనమామ 1994–97 మధ్య అమెరికాలో చదువుకుంటూ యూజ్‌నెట్ (ఇంటర్నెట్‌లో అప్పటి చర్చావేదికలు) తెలుగు గ్రూపులో తెగ రాసేవారు. నిరుడు పోయారు. ఆ పోస్టులన్నీ ఏరి పుస్తకం వేయాలనుంది. గూగుల్ గ్రూప్స్‌లో పేరు కొడితే నాలుగే వచ్చాయి.

పాతచెట్టు: పేరుతో దొరకవమ్మా. అప్పటి యూనివర్సిటీ ఈమెయిల్‌తో వెతుకు. అప్పట్లో తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో ఆర్‌టీఎస్ అనే పద్ధతిలో రాసేవాళ్లం. అందులో పెద్ద టీ కొడితే ట, చిన్న టీ కొడితే త. సెర్చికి ఆ తేడా పట్టదు. దీర్ఘాలూ తలా ఒక రకంగా రాసేవాళ్లం. అన్ని రకాలూ కొట్టి చూడాలి.

నిక్కచ్చి: వెతుక్కోండి, అచ్చు మాత్రం వేయకండి. అప్పట్లో పోస్టు సర్వర్లో కొన్ని వారాలుండి పోయేది. 1995లో డెజా న్యూస్ అనే సైటు ఆ పోస్టుల్ని దాచడం మొదలుపెట్టింది, 2001లో దాన్ని గూగుల్ కొంది. రాసినవాళ్లను ఎవరడిగారు?

పాతచెట్టు: వద్దనుకుంటే, దాచొద్దని చెప్పడానికి ఎక్స్-నో-ఆర్కైవ్ అని పోస్టు పైనుండే హెడర్లో పెట్టుకోవచ్చుగా!

నిక్కచ్చి: 1994లో రాసినవాడికి అది కలలో తెలుస్తుందా?

సిరిమల్లె: దాచబట్టేగా మిగిలాయి. టొరాంటో యూనివర్సిటీలో హెన్రీ స్పెన్సర్ అనే ఆయన యూజ్‌నెట్ పోస్టుల్ని 141 టేపుల్లో దాచకపోతే 1981–91 నాటివి చాలావరకు పోయేవి.

నిక్కచ్చి: మీకు చరిత్ర, నాకు పరువు. 22 ఏళ్లప్పుడు నేను రాసిన కులం గొడవను 2003లో పెళ్లివారి బంధువొకడు ప్రింటు తీసి మా నాన్న ముందు పెట్టాడు. సంబంధం తప్పిపోయింది. ఆయన నాతో ఏడాది మాట్లాడలేదు.

గోదారమ్మాయి: మీకు జరిగినదానికి మా మామయ్య ఏం చేస్తారండీ? ఆయన సొంత పేరుతోనే రాశారు. ఆయన గొంతు ఉన్న వీడియో ఒక్కటి కూడా లేదు మాకు. మిగిలింది ఆ రాతలే. మీరెవరు వద్దనడానికి?

నిక్కచ్చి: ఆ పోస్టుల్లో సగం ఆయనవి కావమ్మా! ఎదుటివాడు రాసింది బాణం గుర్తులతో పైన ఉంచి, కింద జవాబిచ్చేవాళ్లం. మీ పుస్తకంలో నాలాంటివాళ్ల మాటలు పేర్లతో సహా అచ్చవుతాయి. మొదటి నుంచీ నా భయం అదే.

గోదారమ్మాయి: అది నాకు తట్టలేదు. పేర్లు తీసేస్తే?

నిక్కచ్చి: ఆ వాక్యం సెర్చిలో కొడితే పేరు బయటికొస్తుంది.

గోదారమ్మాయి: ఆ వరుసలు తీసేస్తే ఆయన జవాబులకు అర్థముండదు. వాటిని మాత్రం తీయలేను.

నిక్కచ్చి: అయితే మా అందరినీ అడగండి.

పాతచెట్టు: ఈమెయిల్‌తో వెతికావా అమ్మా?

గోదారమ్మాయి: వెతికానండీ. 61 వచ్చాయి. మొదటిది, ఉగాది పచ్చడికి వేపపువ్వు ఎక్కడ దొరుకుతుందని అడిగారు.