గీజర్ పైన రాగి జాయింట్ కారుతోంది, పైనుంచి ఇంకొంచెం సోల్డర్ పెడితే ఆగుతుందా?

నీటిచుక్క:
కరెంటు గీజర్, 50 లీటర్లది, పైపులు రెండూ ట్యాంకు పైనుంచే. వేడినీళ్ల వైపు ట్యాంకు నిపుల్‌కి (ట్యాంకు నుంచి బయటికి వచ్చే మరల పైపు ముక్క) ఇత్తడి అడాప్టర్, దాని నుంచి జానెడు ముప్పావు అంగుళం రాగి పైపు, ఆపైన ఎల్బో (వంపు ముక్క). ఎల్బో కింది అంచున పచ్చగా చిలుము పట్టి చుక్కలు పడుతున్నాయి. గీజర్ వేడెక్కుతున్నప్పుడు ఎక్కువ, చల్లారాక దాదాపు ఆగిపోతుంది. ఎల్బో విప్పకుండా పైన సోల్డర్ (కరిగించి అతికే లోహపు తీగ) పూసేస్తే సరిపోతుందా? పోనీ ఎపాక్సీ పుట్టీ? ఇంకో చిక్కు: చన్నీళ్ల వాల్వ్ పూర్తిగా మూసినా సన్నగా నీళ్లు వస్తూనే ఉంటాయి.

పానాపట్టకారు:
పైన పూసింది నిలవదండి. రాగి జాయింట్‌లో బలమంతా పైపుకీ ఎల్బోకీ మధ్య ఉన్న వెంట్రుకవాసి సందులోకి సోల్డర్ పాకడంలో ఉంది. ఆ సందు ఇప్పుడు చిలుముతో, నీళ్లతో నిండి ఉంటుంది. కొత్త సోల్డర్ లోపలికి పోదు, అంచు మీద ముద్దగా కూర్చుంటుంది. సీసం లేని సోల్డర్ కరగడానికే 220, 230 డిగ్రీలు దాటాలి. లోపల నీళ్లుంటే అవి మరిగి ఆవిరయ్యేదాకా ఆ చోటు 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. టార్చ్ (అతికే గ్యాస్ మంట) ఎంతసేపు పట్టుకున్నా అంతే. ఒకవేళ అతుక్కున్నా, ఆవిరి తోసుకొచ్చి సూదిమొన చిల్లు మిగులుస్తుంది. పుట్టీ సంగతి కూడా ఇదే: రోజూ వేడెక్కి చల్లారే చోట అంచు నుంచి ఊడి వస్తుంది.

ముందు కారేది ఎల్బోయేనా అని తేల్చుకోండి. అన్నీ పొడిగుడ్డతో తుడిచి, ప్రతి జాయింట్ చుట్టూ విడివిడిగా టిష్యూ కాగితం చుట్టి పెట్టండి. అన్నిటికన్నా పైన ముందుగా తడిసినదే దొంగ. పై నుంచి జారిన నీళ్లు కింది జాయింట్ దగ్గర చుక్క కట్టి మోసం చేస్తుంటాయి.

పని మొదలెట్టే ముందు గీజర్ స్విచ్ కాదు, దాని ఎంసీబీ (కరెంటు బోర్డులోని బ్రేకర్ మీట) దించండి. నీళ్లు తగ్గాక ఎలిమెంట్‌కి కరెంటు వెళ్తే అది క్షణాల్లో కాలిపోతుంది. ట్యాంకు చల్లారనివ్వండి కూడా. 60 డిగ్రీల నీళ్లు ఒంటి మీద పడితే కొన్ని సెకన్లలోనే బొబ్బలు తేలతాయి.

వాల్వ్ సన్నగా కారడం మీ విషయంలో పెద్ద అడ్డు కాదు. కారే జాయింట్ వేడినీళ్ల వైపు, పైన ఉంది కదా. చన్నీళ్ల వాల్వ్ మూసి, వేడినీళ్ల కుళాయి ఒకటి తెరిచి, అడుగున డ్రెయిన్ వాల్వ్‌కి గొట్టం తగిలించి ఐదారు లీటర్లు వదలండి. మట్టం నిపుల్ కిందికి దిగుతుంది. తర్వాత డ్రెయిన్‌ని మూసేయకుండా కొంచెం తెరిచే ఉంచండి. వాల్వ్ దాటి వచ్చే నీళ్లు పైకి ఎక్కకుండా అటే పోతాయి.

రాగిరేకు:
పైవన్నీ సరే. నిపుల్‌కి అంత దగ్గర్లో టార్చ్ పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. చాలా గీజర్ల నిపుల్‌లో లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది, చన్నీళ్ల వైపైతే అడుక్కి దిగే ప్లాస్టిక్ గొట్టమే ఉంటుంది. రాగి వేడిని ఎంత దూరమైనా మోసుకుపోతుంది, జానెడు చాలదు. అందుకే ట్యాంకు దగ్గర చేయాల్సిన సోల్డర్ పని వీలైనంత బల్ల మీద ముగించుకోవాలి.

నేనైతే ఎల్బోకి పైన, బాగున్న పైపు దగ్గర పైప్ కట్టర్‌తో కోసి, అడాప్టర్‌ని నిపుల్ నుంచి విప్పి, మొత్తం ముక్క బయటికి తీస్తాను. విప్పేటప్పుడు రెండు పానాలు పట్టాలి, ఒకటి నిపుల్‌ని కదలకుండా, ఒకటి అడాప్టర్ మీద. లేదంటే నిపుల్ ట్యాంకులోనే తిరిగి కొత్త లీకు మొదలవుతుంది. కొత్త అడాప్టర్, కొత్త ఎల్బో, కొత్త పైపు ముక్క బల్ల మీద అతికించి, పై పైపుతో కలిసే చోట ఒక యూనియన్ (మరతో విప్పి బిగించుకునే రెండు సగాల జాయింట్) పెట్టండి. దాని రెండు సగాలూ విడివిడిగా సోల్డర్ అవుతాయి, చివర పానాతో బిగింపు మాత్రమే. రేపు గీజర్ మార్చాల్సి వచ్చినా టార్చ్ అక్కర్లేదు. యూనియన్ ముఖం మీద టేపు చుట్టకండి, అక్కడ వాషరో ముఖానికి ముఖమో పట్టాలి.

ఇక అతకడం. కోసిన అంచు లోపలి గరుకు తీసేయాలి. పైపు చివర 25 మి.మీ. మేర ఎమరీ గుడ్డతో మెరిసేదాకా రుద్దండి, ఎల్బో లోపల వైర్ బ్రష్ తిప్పండి. రుద్దాక వేలితో తాకొద్దు, జిడ్డు చాలు సోల్డర్ పట్టకపోవడానికి. ఫ్లక్స్ (రాగికి సోల్డర్ పట్టేలా చేసే లేపనం) రెంటికీ పలుచగా. మందంగా రాస్తే లోపలికి కారి, తర్వాత పైపుని తినేస్తుంది. లోపలి మెట్టుకి తగిలేదాకా దూర్చి ఒక అరచుట్టు తిప్పండి.

మంట పైపు మీద కాదు, ఎల్బో మీద. ఎందుకంటే మందంగా ఉండేది అదే, సోల్డర్ వేడి ఉన్న వైపుకే పాకుతుంది. మంటని కదుపుతూ ఉండండి. సోల్డర్ తీగని మంటకి ఎదురు పక్కన తాకించి చూడండి. రాగి వేడికే కరిగితే పెట్టండి, మంట వేడికి కరిగితే అది మోసం. ముప్పావు అంగుళం జాయింట్‌కి 3 మి.మీ. తీగ సుమారు 20 మి.మీ. చాలు. ముందే ఆ కొలతకి తీగ చివర వంచి పెట్టుకుంటే అతిగా పోయరు. చుట్టూ వెండి ఉంగరంలా మెరిస్తే ఆపేయాలి. మెరుపు తగ్గి సోల్డర్ గట్టిపడేదాకా కదపొద్దు, నీళ్లూ చల్లొద్దు. తర్వాత తడిగుడ్డతో ఫ్లక్స్ తుడిచేయండి, అది మిగిలితేనే మళ్లీ పచ్చ చిలుము.

ఫ్లక్స్ నల్లబడిందీ, సోల్డర్ గోళీల్లా జారిపోతోందీ అంటే అతిగా కాలింది. ఇంకాస్త వేడి చేసినా లాభం లేదు. విప్పి, రుద్ది, మళ్లీ మొదటి నుంచి. సీసం కలిసిన పాత 50/50 సోల్డర్ ఇంట్లో ఉంటే నీళ్ల పైపుకి వాడకండి.

నీటిచుక్క:
డ్రెయిన్ తెరిచి ఉంచాను, ట్యాంకు వైపు నుంచి నీళ్లు రావడం లేదు. కానీ ఎల్బో పైన కోసిన పైపులోంచి వెనక్కి సన్నగా దిగుతున్నాయి. ఇది ఎక్కడిది?

పానాపట్టకారు:
మిక్సర్ కుళాయి నుంచి. షవర్ మిక్సర్‌లో వేడి, చల్లని కుళాయిలు రెండూ తెరిచి ఉండి, చివర షవర్ దగ్గర మాత్రం మూసి ఉంటే చన్నీళ్లు దాని గుండా వేడినీళ్ల లైన్లోకి దాటుతాయి. అన్ని మిక్సర్ల నాబ్‌లూ మూయండి. సింగిల్ లివర్ మిక్సర్ లోపలి కాట్రిడ్జ్ అరిగినా ఇలాగే దాటిస్తుంది. అప్పుడు ఇంటి మెయిన్ వాల్వ్ మూసి, ఆ లైన్లో అన్నిటికన్నా కింద ఉన్న కుళాయి తెరవడమే మార్గం. పైపులో బ్రెడ్ ముక్క కుక్కే కిటుకు చాలామంది చెబుతారు, పనిచేస్తుంది కూడా. కానీ ఆ పిండి తర్వాత కుళాయి జాలీలో ఇరుక్కుంటుంది.

ఇత్తడిమర:
టార్చ్ భయమైతే పుష్ ఫిట్ ఎల్బో (సోల్డర్ లేకుండా పైపు మీదికి నొక్కితే పట్టేది) ఉంది, నీళ్లు కాస్త ఉన్నా పట్టేస్తుంది. గీజర్ నీళ్ల వేడికి తట్టుకునే రకమో కాదో దాని మీది ముద్ర చూసి తీసుకోండి. కొలతలో మాత్రం పొరపడొద్దు: ముప్పావు అంగుళం రాగి పైపు బయటి వ్యాసం 22.2 మి.మీ., మెట్రిక్ పైపుది 22. చేత్తో పట్టుకుంటే తేడా తెలియదు, వెర్నియర్ (సన్న తేడాలు కొలిచే పరికరం) పెట్టాల్సిందే. పైపు చివర నునుపుగా లేకపోతే లోపలి రబ్బరు రింగు కోసుకుపోతుంది.

అడాప్టర్ మరల గురించి కూడా: సోల్డర్ పని పూర్తయి, అడాప్టర్ చల్లారాకే టెఫ్లాన్ టేపు. ముందే చుట్టి వేడి చేస్తే టేపు పాడవడమే కాదు, ఆ పొగ ఒంటికి మంచిది కాదు. మర చివర మీ వైపు ఉంటే గడియారం ముల్లు తిరిగే దిశలో ఐదారు చుట్లు. ఇనుప నిపుల్‌కి రాగిని నేరుగా తగిలిస్తే ఇనుము తుప్పు పడుతుంది. మధ్యలో ఇత్తడి ఉంది కాబట్టి మీకు ఫర్వాలేదు.

రాగిరేకు:
వేడెక్కేటప్పుడే ఎక్కువ కారుతోందన్న మాట వదిలేయకండి. 50 లీటర్ల నీళ్లు 20 నుంచి 60 డిగ్రీలకి చేరితే దాదాపు ముప్పావు లీటరు పెరుగుతాయి. చన్నీళ్ల వైపు వెనక్కి పోనివ్వని వాల్వ్ ఉంటే ఆ పెరుగుదలకి దారి లేదు, సేఫ్టీ వాల్వ్ చుక్కలు వదలాలి. అది జామ్ అయితే ఒత్తిడి అంతా జాయింట్ల మీదే. కుళాయికి తగిలించే ప్రెషర్ గేజ్ ఒకటి పెట్టి, గీజర్ వేడెక్కేటప్పుడు ముల్లు ఎటు పోతోందో చూడండి. కుళాయిలన్నీ మూసి ఉన్నప్పుడు అది పైకి పాకుతుంటే సేఫ్టీ వాల్వ్ మార్చాలి, చన్నీళ్ల వైపు ఎక్స్‌పాన్షన్ ట్యాంకు (పెరిగిన నీళ్లకి చోటిచ్చే చిన్న ట్యాంకు) పెట్టాలి. మామూలుగానే 5.5 బార్ దాటి ఉంటే ప్రెషర్ తగ్గించే వాల్వ్ కావాలి. సేఫ్టీ వాల్వ్ కారుతోందని దాని మూతికి ప్లగ్ మాత్రం బిగించకండి.

ఇంకొకటి. మీటరు రాగి పైపు ప్రతి డిగ్రీకి సుమారు 0.017 మి.మీ. సాగుతుంది. మూడు మీటర్ల లైన్ 40 డిగ్రీలు వేడెక్కితే 2 మి.మీ. ఎల్బో పక్కనే గోడకి క్లాంపు బిగించి ఉంటే ఆ తోపుడు రోజూ జాయింటే భరించాలి. క్లాంపు జరిపి, పైపు కాస్త జారేలా వదులుగా ఉంచండి.

నీళ్లు నింపేటప్పుడు డ్రెయిన్ మూసి, వేడినీళ్ల కుళాయి జాలీ విప్పి, గాలి చప్పుడు ఆగి ధార నిలకడగా వచ్చేదాకా వదలండి. ఆ ధారలో ఫ్లక్స్, సోల్డర్ పొట్టు కొట్టుకొస్తాయి. చల్లగా ఉన్నప్పుడు టిష్యూ పరీక్ష, ఆ తర్వాతే ఎంసీబీ. పూర్తిగా వేడెక్కాక అదే పరీక్ష మరోసారి.