భోగి మంటలో పాత కాగితాలు: వేసేయాలా, దాచాలా?

రాజాం కోడలు

భోగికి ఇంకా పన్నెండు రోజులుంది. ఇల్లు దులుపుతుంటే సజ్జ మీద నుంచి మా మామగారి ట్రంకు పెట్టె, రెండు గోనె సంచులు దిగాయి. నిండా కాగితాలే. ముప్పై ఏళ్ల కరెంటు బిల్లులు, శిస్తు రసీదులు, ఎరువుల కొట్టు చీటీలు, శుభలేఖలు, ఆసుపత్రి ఫైళ్లు, నిండిపోయిన బ్యాంకు పుస్తకాలు. మామగారు పోయి రెండేళ్లయింది. మాది రెండు గదుల ఇల్లు. పాపకు ఉయ్యాల కట్టడానికి చోటు లేదు, ఈ సంచులకు మాత్రం ఉంది. మా ఆయన హైదరాబాదు నుంచి ఫోన్ చేసి "అన్నీ ఫొటోలు తీసేసి భోగి మంటలో వేసెయ్" అంటున్నారు. మా అత్తగారేమో పెట్టె మీద చెయ్యేసి "రేపు ఎవులు ఏటి అడుగుతారో, ముట్టుకోకు" అంటున్నారు. ఇద్దరి మధ్య నాకు టెన్షన్. మీ ఇళ్లలో ఏం చేశారు? ఫొటో ఉంటే నిజంగా కాగితం అక్కర్లేదా?

వజ్రపుకొత్తూరు తమ్ముడు

అక్కా, బావగారు చెప్పిందే కరెక్ట్. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా ఇంటి రేకులు లేపేసింది. కొబ్బరి పోయింది, జీడి తోట పోయింది అని ఊరంతా ఏడుస్తుంటే మా నాన్న బీరువా ముందు కూలబడ్డాడు. లోపల కాగితాలన్నీ తడిసి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విడదీయబోతే చిరిగిపోయేవి. నా మార్కుల లిస్టు మీద ఇంకు కారిపోయి నా పేరే కనబడలేదు. ఒక్క రాత్రిలో పోయేదాన్ని అంత భద్రంగా దాచుకుని ఏం లాభం? మన తీరంలో కాగితాన్ని నమ్ముకోకూడదు. ఫోన్‌లో పెట్టుకోండి, ప్రభుత్వం వాళ్ల డిజీలాకర్ యాప్‌లో పెట్టుకోండి, ఇల్లు ఖాళీ చేసుకోండి.

విజయనగరం లేఖరి

దస్తావేజులు రాయడం నా వృత్తి. తమ్ముడి బాధ నిజం, కానీ ఆ సలహా వింటే ఆ అమ్మాయి నష్టపోతుంది. ఫోన్‌లో ఫొటో వేరు, డిజీలాకర్ వేరు. డిజీలాకర్‌లో మళ్లీ రెండు రకాలు. ప్రభుత్వ శాఖ నేరుగా అందులోకి ఇచ్చిన డ్రైవింగ్ లైసెన్సు, పాన్, బండి ఆర్‌సీ లాంటివి అసలుతో సమానమని కేంద్రం 2017లో నిబంధనల్లోనే చేర్చింది. మనం ఫొటో తీసి అందులోకి ఎక్కించుకున్నది ఫొటోయే. దానికి ఆ విలువ లేదు.

ఇక భూమి కాగితాలు. రిజిస్టరైన దస్తావేజు పోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు ఇస్తారు. కానీ ఇల్లు తాకట్టు పెట్టి లోను తీసుకోవాలంటే బ్యాంకు అడిగేది అసలు దస్తావేజు, అంతకు ముందు చేతులు మారినప్పటి లింకు డాక్యుమెంట్లతో సహా. అసలు పోయిందంటే పోలీసు ఫిర్యాదు, పేపర్లో ప్రకటన, ఆపైన తిరుగుడు. ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందుది కావాలంటే ఆఫీసు పుస్తకాల్లో వెతికించాలి. ఏ సంవత్సరం, ఏ నంబరు అని వాళ్లకు చెప్పాలంటే మీ పెట్టెలో ఉన్న కాగితమే ఆధారం.

నాకు అన్నిటికంటే భయం తెల్లకాగితాల గురించి. అన్నదమ్ముల పంపకాలు, పెద్దమనుషుల ముందు రాసుకున్న కొనుగోళ్లు మన పల్లెల్లో ఇంకా ఎన్నో ఇళ్లలో అలాగే ఉన్నాయి. అవి రిజిస్టర్ కాలేదు కాబట్టి ఏ ఆఫీసులోనూ వాటి నకలు ఉండదు. మంటలో వేశారంటే మళ్లీ పుట్టదు.

ఇంకో మాట. జిల్లా పేరు చూసి "ఇది మన ఊరిది కాదు" అని పక్కన పడేసేవాళ్లను చూశాను. 1950 ఆగస్టు 15న విశాఖపట్నం జిల్లా నుంచి శ్రీకాకుళం విడిపోయింది. 1979లో విజయనగరం వచ్చింది. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం వచ్చింది. అంటే పార్వతీపురంలో గడప దాటని కుటుంబానికి కూడా నాలుగు జిల్లాల పేర్లతో కాగితాలు ఉండొచ్చు. అమ్మా, మీ రాజాం కూడా 2022 దాకా శ్రీకాకుళమే కదా. అలాగే జమీందారీ ఎస్టేట్లను 1948 చట్టంతో రద్దు చేశారు. ఆ రోజుల రసీదులు, తర్వాత ప్రభుత్వం రైతు పేరునే ఇచ్చిన రైతువారీ పట్టాలు మీ పెట్టె అడుగున ఉంటే, చెదలు సగం తిన్నా సరే పారేయొద్దు.

చీపురుపల్లి మాస్టారు

లేఖరి గారు చెప్పినవన్నీ ఒప్పుకుంటాను. కానీ "పారేయొద్దు" అనే మాట వినే మా నాన్నగారు నలభై ఏళ్లు ఏదీ పారేయలేదు. ఆయన పోయాక ఇన్సూరెన్స్ బాండు కోసం మూడు నెలలు వెతికాం. ఇంట్లోనే ఉందని అందరికీ తెలుసు, ఎక్కడుందో ఎవరికీ తెలియదు. చివరికి గ్యాస్ రసీదుల కట్టలో దొరికింది. ఆ మూడు నెలలూ మా అమ్మ పడిన మనోవేదన నేను మర్చిపోలేను. దాచడం అంటే కావలసిన రోజున తీయగలగడం. లేకపోతే అది ఉన్నా లేనట్టే.

అందుకే నేను ఏటా సంక్రాంతికి తీసేస్తాను. కట్టేసిన కరెంటు బిల్లులు ఏడాది దాటితే ఉంచను. పాడైపోయిన మిక్సీ వారంటీ కార్డు ఎందుకు? ఇన్‌కం టాక్స్ కాగితాలు మాత్రం ఏడేళ్లు ఉంచుతాను. మీ సంచుల్లో ముప్పావు వంతు ఇలాంటివే అయ్యుంటాయి. బ్యాంకు పుస్తకాలు పారేసే ముందు ఒకసారి చూడండి. పదేళ్లు ఎవరూ ముట్టని డిపాజిట్లను బ్యాంకులు రిజర్వు బ్యాంకు నిధికి పంపేస్తాయి. అయినా వారసులు అడిగి తీసుకోవచ్చు. వాటిని వెతుక్కోవడానికి 2023లో ఉద్గమ్ అనే వెబ్‌సైటు కూడా పెట్టారు. మామగారి పేరుతో ఒకసారి చూడమ్మా.

ఉద్దానం నుంచి

ఆసుపత్రి ఫైళ్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. మా ఆయనకు కిడ్నీ జబ్బు. కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష, పాత క్రియాటినిన్ రిపోర్టులు వరుసగా చూస్తేనే జబ్బు ఎంత వేగంగా ముదురుతోందో డాక్టరుకు తెలుస్తుంది. నేను తేదీల ప్రకారం దారంతో కుట్టి పెట్టుకున్నాను. మా మామగారి ఫైలు కూడా పారేయలేదు, ఇంట్లో ముందు ఎవరికైనా ఉందా అని ప్రతి డాక్టరూ అడుగుతారు. ఈసీజీ కాగితాన్ని మాత్రం దాచి లాభం లేదు. ఏటీఎం చీటీలాగే అక్షరాలు వెలిసిపోతాయి. ఇంటికి రాగానే జిరాక్స్ తీయించుకోండి.

వజ్రపుకొత్తూరు తమ్ముడు

లేఖరి గారూ, డిజీలాకర్ తేడా నాకు తెలియదు. అది ఒప్పుకుంటున్నాను. కానీ ట్రంకు పెట్టెలో ఉంటే భద్రం అంటే మాత్రం ఒప్పుకోను. తిత్లీ తర్వాత వంశధార పొంగి ఎన్ని ఇళ్లలోకి నీళ్లొచ్చాయి! అసలు ఉంచుకోండి, కానీ నీళ్లు చొరని ప్లాస్టిక్ డబ్బాలో, బీరువా అడుగున కాకుండా పైన. తుఫాను హెచ్చరిక రాగానే ఒక చేత్తో పట్టుకుని వెళ్లిపోయేంత ఉండాలి. రెండు గోనె సంచులు ఎవరు మోస్తారు? ఫొటోలు కూడా ఉంచండి. దస్తావేజు పోయినా నంబరైనా మిగులుతుంది.

నాగావళి గట్టు

వేసేవి వేయండి గానీ లామినేషన్ చేసినవి, ప్లాస్టిక్ కవర్లు భోగి మంటలో వేయకండి. పసిపిల్లలున్న ఇల్లు, ఆ పొగ మంచిది కాదు. అలాగని ఆధార్ జిరాక్సులను పాత పేపర్లలో కలిపి అమ్మేయకండి. మొన్న మా వీధి చివర పకోడీ కట్టిచ్చిన కాగితం మీద ఎవరిదో ఫొటో, ఆధార్ నంబరు, కింద సంతకం. నాకు తినబుద్ధి కాలేదు. చింపి, నీళ్లలో నానబెట్టి పారేయండి.

రాజాం కోడలు

అందరికీ దండాలు. మధ్యాహ్నాలు మూడు రోజులు మా అత్తగారి పక్కన కూర్చుని తీశాను. ఆవిడకు చదువు రాదు. కానీ మడత చూసి చెప్పేశారు, ఇది కళ్లం పక్క పొలం చెక్కది, ఇది మీ చినమామగారితో పంపకాలప్పటిది అని. తెల్లకాగితం మీద వేలిముద్రలతో రాసుకున్నవి రెండు దొరికాయి. ఒకదాని మీద శ్రీకాకుళం జిల్లా అనే ఉంది. ఫొటోలు తీసి మా ఆయనకు పంపితే చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అవి అమ్మ దగ్గరే ఉంచు" అన్నారు.

ఉంచాల్సినవన్నీ ఒక డబ్బాలో పట్టాయి. అది ఎక్కడుందో ఇంట్లో ముగ్గురికీ తెలుసు. ఒక సంచి పూర్తిగా ఖాళీ అయింది, ఉయ్యాల కట్టాం. తేలనివి మామగారి జమాఖర్చు పుస్తకాలు, పదకొండు. వాటితో ఏ ఆఫీసులోనూ పని లేదు. ఎరువు బస్తా ఎంత, కూలి ఎంత, నా పెళ్లికి పెట్టిన ఖర్చు ఎంత, అన్నీ ఆయన రాతలో ఉన్నాయి. వాటిని ఏ కట్టలో పెట్టాలో అడిగితే అత్తగారు తీసుకెళ్లి తన మంచం కింద పెట్టుకున్నారు. నేను మళ్లీ అడగలేదు.