ఏడీసీ12 హీటులో మెగ్నీషియం 0.62 వచ్చింది: క్లోరినా, ఫ్లక్సా?

భట్టీ_1టన్ను: విజయవాడ ఆటోనగర్‌లో మాది చిన్న యూనిట్. అల్యూమినియం తుక్కు కరిగించి ఏడీసీ12 (అల్యూమినియం-సిలికాన్ మిశ్రలోహం) దిమ్మలు పోసి, కరిగిన లోహాన్ని ఒత్తిడితో అచ్చుల్లోకి పంపి ముక్కలు తీసే డై కాస్టింగ్ వాళ్ళకు ఇస్తాం. అందులో మెగ్నీషియం 0.3 శాతం దాటకూడదు. మామూలుగా మాకు 0.2, 0.25 మధ్య వస్తుంది. పోయిన వారం ఒక హీటు (ఒకసారి కరిగించి పోసిన లోహం) స్పెక్ట్రోలో (లోహంలో ఏది ఎంతుందో చూపే యంత్రం) 0.62 చూపించింది. లోడు మొత్తం వెనక్కి వచ్చింది, రానూపోనూ లారీ బాడుగ నా నెత్తినే పడింది. ఎక్కువైన మెగ్నీషియం తీయడానికి క్లోరిన్ సిలిండర్ పెట్టుకోమని ఒకరు, అల్యూమినియం ఫ్లోరైడ్ ఫ్లక్స్ (కరుగులో కలిపే పొడి) వాడమని ఒకరు అంటున్నారు. చేసినవాళ్ళు చెప్పండి.

ఒహాయో_కాపురం: ఇక్కడ అమెరికాలో పెద్ద సెకండరీ (తుక్కు కరిగించే) ప్లాంట్లలో కరుగును (కరిగిన లోహాన్ని) పంపుతో తిప్పుతూ, ఆ పంపు దగ్గరే క్లోరిన్ లోపలికి వదులుతారు. మెగ్నీషియం క్లోరైడ్ అయి పైకి తేలుతుంది, గీరేస్తారు. కిలో మెగ్నీషియానికి సుమారు 2.9 కిలోల క్లోరిన్. మీకు 0.62 నుంచి 0.28కి రావాలంటే టన్నులో 3.4 కిలోల మెగ్నీషియం తీయాలి. అంటే 10 కిలోల గ్యాస్. ఇంతకంటే శుభ్రమైన పద్ధతి లేదు.

మూస_మేస్త్రి: 10 కిలోలా! కాగితం మీద బాగానే ఉంది. భట్టీ ముందు నిలబడి గ్యాస్ పట్టావా నాయనా ఎప్పుడైనా? నేను 31 ఏళ్ళు పట్టాను.

ఒహాయో_కాపురం: లెక్క తప్పైతే తప్పెక్కడో చెప్పండి మేస్త్రి గారూ. 71ని 24.3తో భాగిస్తే 2.92.

మూస_మేస్త్రి: భాగహారం తప్పని ఎవరన్నారు? గ్యాస్ వెళ్ళగానే మెగ్నీషియాన్ని వెతుక్కుంటూ పోదు. ముందు దొరికిన అల్యూమినియాన్నే పడుతుంది. ఆ అల్యూమినియం క్లోరైడ్ బుడగ పైకి వచ్చేలోపు మెగ్నీషియం తగిలితే సరే, లేదా తెల్లపొగై బయటికొస్తుంది. మెగ్నీషియం తగ్గేకొద్దీ ఆ పొగ పెరుగుతుంది. గాలిలో తేమ తగిలిందా, యాసిడ్ పొగే. షెడ్డు రేకులు రెండేళ్ళలో చిల్లులు పడ్డాయి. రేకులు మార్చుకోవచ్చు. మా బావమరిది ఊపిరితిత్తులు మార్చలేకపోయాం. సిలిండర్ వాల్వు లీకై, గాలి కంటే బరువైన గ్యాస్ కదా, గుంటలో పనిచేస్తున్న వాడి మీదికి దిగింది. ఓనరు ఆసుపత్రి బిల్లు సగం కట్టి చేతులు దులుపుకున్నాడు.

ఒహాయో_కాపురం: బాధాకరం, కాదనను. కానీ అది వాల్వు లోపం, పద్ధతి లోపం కాదు. పొగను కాస్టిక్ సోడా స్క్రబ్బర్ (పొగను కడిగే యంత్రం) గుండా పంపాలి. ఇక్కడ 2000 నుంచి ఆ యాసిడ్ పొగ హెచ్‌సీఎల్‌కీ డయాక్సిన్లనే విషాలకూ పరిమితులున్నాయి, ఆ లోపలే నడుపుతున్నాం.

నైట్_షిఫ్ట్: ఆటోనగర్‌లో స్క్రబ్బరా 😂

భట్టీ_1టన్ను: స్క్రబ్బర్ పెట్టే స్తోమత ఉంటే ఈ ప్రశ్న ఇక్కడ అడుగుతానా అన్నా.

మూస_మేస్త్రి: అందుకే ఫ్లక్స్ అంటున్నా. అల్యూమినియం ఫ్లోరైడు 740 దగ్గర కరుగులోకి బాగా కలియబెట్టాలి. పైన చల్లి వదిలేస్తే మడ్డిలో (పైన తేలే తెట్టులో) కలిసిపోతుంది, డబ్బు దండగ.

ఒహాయో_కాపురం: దానికీ లెక్క ఉందిగా, కిలో మెగ్నీషియానికి 2.3 కిలోలు. మీ హీటుకి 8 కిలోలు. నిజంగా ఎంత పడుతుందో మేస్త్రి గారు చెప్పమనండి.

మూస_మేస్త్రి: 12, 13 పడుతుంది. నేను దాచలేదు.

ఒహాయో_కాపురం: అంటే నా లెక్కకు పొగ అడ్డం, మీ లెక్కకు మడ్డి అడ్డం. ఫ్లోరైడు తేమ పీల్చిన సంచిలోంచి పడితే వచ్చేది హైడ్రోజన్ ఫ్లోరైడ్. అది పన్నీరా?

కెమిస్ట్రీ_పంతులు: ఇద్దరి సమీకరణాలూ సరైనవే. చిన్న సవరణ: మెగ్నీషియం క్లోరైడ్ 714 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కరుగు అంతకన్నా చల్లగా ఉంటే గీరడం కష్టం.

మూస_మేస్త్రి: పంతులు గారూ, సవరణ తర్వాత. 2.9 దగ్గరే ఆగిపోయిన ఆయనకు ముందు సంగతి చెప్పండి.

ఒహాయో_కాపురం: నేను కాదు ఆగింది. బావమరిది దగ్గర ఆగింది మీరు.

మూస_మేస్త్రి: మాట జాగ్రత్త. నీ డాలర్ల ఉద్యోగానికి గ్యాస్ మీటర్ చూడటం పని. మాకు అది ముక్కుతో పీల్చడం. ఒక్క రోజు చెమ్మ మాస్కు కట్టుకుని నిలబడి అప్పుడు మాట్లాడు.

ఒహాయో_కాపురం: తప్పే, ఆ మాట అనకుండా ఉండాల్సింది. క్షమించండి. అయితే ఒకటి అడుగుతా. ఆ మడ్డి ఎక్కడ పోస్తున్నారు? వాన పడితే అమ్మోనియా వాసన రాదా? మడ్డిలో నైట్రైడు ఉంటుంది, నీళ్ళు తగిలితే అదే వస్తుంది. పీల్చేది పక్కవీధి వాళ్ళు.

నైట్_షిఫ్ట్: వస్తుంది. కాలవ గట్టు మీద.

డై_కాస్టింగ్_బుజ్జి: దిమ్మలు కొనేవాళ్ళలో నేనొకణ్ణి. 0.3 ఎందుకంటున్నామో కూడా వినండి. మెగ్నీషియం ఎక్కువైతే సిలికాన్‌తో కలిసి గట్టి కణాలు కడుతుంది, ముక్క పెళుసవుతుంది, బోల్టు బిగిస్తే చెవి విరుగుతుంది. అసలు 0.2 నుంచి ఒక్కసారి 0.62కి ఎట్లా ఎగబాకింది? ఏం వేశారు?

భట్టీ_1టన్ను: ఎప్పుడూ వేసేవే. పిస్టన్లు, గేర్‌బాక్సు పెంకులు, పాత గిన్నెలు. ఈసారి షీటు ముక్కలు కొంచెం కలిశాయి. రేటు తక్కువకు వచ్చింది.

మూస_మేస్త్రి: ఏ షీటు?

భట్టీ_1టన్ను: తెల్లటి మందపాటి షీటు, వెల్డింగు కుట్లు ఉన్నాయి. ట్యాంకర్ కోసిన ముక్కలని లోడింగ్ కుర్రాడు అన్నాడు.

మూస_మేస్త్రి: అదీ సంగతి! అది 5083 రకం అల్యూమినియం అయి ఉంటుంది. అందులో 4 నుంచి 4.9 శాతం మెగ్నీషియం. టన్నులో 80, 90 కిలోలు పడితే చాలు, 0.62 అవుతుంది. తీపి వేసిన పాలు కొనుక్కొచ్చి తీపి తీసే యంత్రం అడుగుతున్నావురా అబ్బాయ్.

ఒహాయో_కాపురం: ఇక్కడ మేస్త్రి గారితో ఏకీభవిస్తున్నా. రాసి పెట్టుకోండి, మళ్ళీ జరగదు.

తుక్కు_బాబాయ్: ఆ షీటు నేనే వేశాను. 'మిక్స్' అని చెప్పే ఇచ్చా. నేను తూకానికి అమ్ముతాను, మెగ్నీషియానికి కాదు. ఏరడానికి మనిషి కూలి ఎవరిస్తారు? లోహంలో ఏముందో చూపే చేతి గన్ తెస్తానని ఒకడొచ్చాడు, ఎక్స్‌రే గన్ ఇనుమూ రాగీ చూపింది, మెగ్నీషియం మాత్రం సరిగ్గా పట్టలేదు. లేజర్ గన్ పడుతుందట, దాని రేటుకు నా కొట్టే వస్తుంది.

భట్టీ_1టన్ను: 'మిక్స్' అంటే పెంకుల మిక్స్ అనుకున్నా బాబాయ్. లారీ బాడుగ నాది, లోడు నాది, నీకు నోరు మాత్రమే.

తుక్కు_బాబాయ్: నాలుగు రూపాయలు తగ్గించినప్పుడు ఎందుకు తగ్గిందని అడగలేదే?

డై_కాస్టింగ్_బుజ్జి: ఇన్ని రోజులు క్లోరినా ఫ్లక్సా అని కొట్టుకుంది ఆ నాలుగు రూపాయల మీదా?

మూస_మేస్త్రి: నీ 0.62 దిమ్మలు పారెయ్యకు. ప్రతి హీటులో 400 కిలోలు వేసి, మెగ్నీషియం 0.1 లోపు ఉన్న తుక్కు 600 కిలోలు కలుపు, 0.3కి కొంచెం అటూ ఇటూ వస్తుంది. సురక్షితంగా కావాలంటే 350 వేసి, ఆ తుక్కు 650 కలుపు. సిలికాన్ మాత్రం మళ్ళీ చూసుకో. ఫ్లక్సూ అక్కర్లేదు, గ్యాసూ అక్కర్లేదు.

ఒహాయో_కాపురం: ఆ 0.1 తుక్కు ఎక్కడ దొరుకుతుంది?

తుక్కు_బాబాయ్: నా దగ్గర. పాత గిన్నెలు, కరెంటు తీగ. కానీ ట్యాంకర్ షీటు విడిగా పెట్టి ఇవ్వాలంటే కిలోకి ఆరు పెరుగుతుంది.

భట్టీ_1టన్ను: మూడు.

తుక్కు_బాబాయ్: ఐదు. ముందు పోయిన లోడు బాకీ కట్టు.