విడిపోతున్నాం, కుక్క కస్టడీకి ఏ పిటిషన్ వేయాలి?

అర్ధరాత్రి_దీపం:
రాత్రి తొమ్మిదింటికి కూర్చున్నాను, ఇప్పుడు రెండు దాటింది. చదివిన వ్యాసాల్లో ఒకటి కుక్క వస్తువంటుంది, ఇంకొకటి కుటుంబ సభ్యుడంటుంది, మూడోది న్యాయవాదిని సంప్రదించమని చెప్పి చేతులు దులుపుకుంటుంది. మేమిద్దరం విడిపోతున్నాం. డబ్బు గురించీ సామాను గురించీ మాకు తగాదా లేదు. ఉన్న తగాదా అంతా మా కుక్క గురించే. పోయిన ఆదివారం నేను ఇంట్లో లేనప్పుడు అతను దాన్ని తీసుకుని వెళ్లిపోయాడు. నేను కోరేది ఒక వారం నా దగ్గర, ఒక వారం అతని దగ్గర ఉండేలా కోర్టు ఉత్తర్వు. పిల్లల కస్టడీకి వేసే పిటిషనే దీనికీ సరిపోతుందా, వేరే ఫారం ఉందా? ఇన్ని గంటలు వెతికినా ఆ ఫారం పేరు మాత్రం ఎక్కడా దొరకలేదు.

ఒక్కముక్క:
ఏ దేశం, ఏ రాష్ట్రం, పెళ్లయిందా, కుక్కను ఎవరి పేరు మీద తీసుకున్నారు? ఈ నాలుగూ చెప్పకుండా ఫారం పేరు అడగడం, వెళ్లాల్సిన ఊరి పేరు చెప్పకుండా బస్సు నంబరు అడగడం లాంటిది.

పాతఫైళ్లు:
మీరు భారతదేశంలో ఉన్నారనుకుని చెబుతున్నాను. పెంపుడు జంతువు ఎవరి దగ్గర ఉండాలన్న విషయంపై ఇక్కడ ప్రత్యేక చట్టం లేదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం మైనరు పిల్లలకే వర్తిస్తుంది కాబట్టి, మీరు అనుకుంటున్న పిటిషన్ ఇక్కడ నిలబడదు. చట్టం దృష్టిలో కుక్క చరాస్తి. హిందూ వివాహ చట్టం 27వ సెక్షను ప్రకారం, పెళ్లి సమయంలోనో దానికి అటూ ఇటూగానో కానుకగా వచ్చి భార్యాభర్తలిద్దరికీ ఉమ్మడిగా చెందిన ఆస్తి గురించి కోర్టు ఆదేశం ఇవ్వవచ్చు గానీ, పెళ్లయిన కొన్నేళ్లకు తెచ్చుకున్న కుక్క అందులో తేలిగ్గా ఇమడదు. ఇక మిగిలేది 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం. అందులోని 7, 8 సెక్షన్ల కింద, ఫలానా చరాస్తి నాది, దానినే నాకు తిరిగి ఇప్పించండి అని దావా వేయవచ్చు. జల్లికట్టు కేసులో 2014లో సుప్రీంకోర్టు జంతువుల గౌరవం గురించి రాసిన మాటలను ఇలాంటి చర్చల్లో చాలామంది ఉదహరిస్తారు. అవి క్రూరత్వాన్ని అడ్డుకోవడానికి పనికొస్తాయి గానీ, కుక్కను ప్రేమగా చూసుకునే ఇద్దరిలో ఎవరికి ఇవ్వాలో చెప్పవు. మీ భర్తగారు తన పేరున రసీదు చూపిస్తే మీ దావా కష్టమే.

పదాల_పేచీ:
అసలు చిక్కు కస్టడీ అనే మాటతోనే మొదలైంది. పిల్లల విషయంలో కస్టడీ అంటే సంరక్షణ బాధ్యత. పిల్లలకు యజమాని ఉండడు. జంతువుకు యజమాని ఉంటాడు. అందువల్ల చాలా దేశాల్లో కోర్టు తేల్చేది యాజమాన్యాన్ని, లేదా ఎవరి స్వాధీనంలో ఉండాలన్న విషయాన్ని. ఆస్ట్రియా 1988లో, జర్మనీ 1990లో జంతువులు వస్తువులు కావని తమ సివిల్ చట్టాల్లో రాసుకున్నాయి. అయితే ఆ వెంటనే, వేరే నిబంధన లేని చోట వస్తువులకు వర్తించే నియమాలే వాటికీ వర్తిస్తాయని కూడా రాసుకున్నాయి. ముందు తలుపు మూసి పెరటి తలుపు తెరిచినట్లయింది. మీరు కస్టడీ అనే మాటతో వెతికినంతకాలం మీకు వ్యాసాలే దొరుకుతాయి, చట్టం దొరకదు.

ఒక్కముక్క:
స్పెయిన్‌లో దొరుకుతుంది. 2022 జనవరి 5 నుంచి అక్కడ విడాకుల జడ్జి, యజమాని ఎవరన్న దానితో నిమిత్తం లేకుండా, జంతువును ఒకరికి గానీ ఇద్దరికీ గానీ అప్పగించవచ్చు. దాన్ని కస్టడీ అనకపోతే ఏమంటారు?

పదాల_పేచీ:
సంరక్షణ అంటాను. మినహాయింపు ఒకటి చూపించినంత మాత్రాన నియమం మారదు.

చిప్_పక్షం:
ఈ మాటల పోట్లాట తర్వాత చూసుకోవచ్చు. ముందు మైక్రోచిప్ ఎవరి పేరు మీద నమోదైందో చూడండి. బియ్యపు గింజంత చిప్, మెడ వెనుక చర్మం కింద ఉంటుంది, అందులో ఉండేది పదిహేను అంకెల నంబరు ఒక్కటే. పేరు, చిరునామా, ఫోను నంబరు చిప్‌లో ఉంటాయని చాలామంది అనుకుంటారు గానీ, అవి ఉండేది ఆ నంబరును నమోదు చేసిన డేటాబేస్‌లో. ఇల్లు మారినప్పుడు దాన్ని మార్చుకునే వాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పశువైద్యుడి దగ్గరకు వెళ్లిన ప్రతిసారీ చిప్ స్కాన్ చేయించి నంబరు సరిచూసుకోమని నేను పదేళ్లుగా చెబుతున్నాను, ఎవరూ వినరు. కుక్క తప్పిపోయిన రోజున మాత్రం అందరూ నాకే ఫోను చేస్తారు.

నిదానం:
చిప్ నమోదు పనికొస్తుంది గానీ అది యాజమాన్య పత్రం కాదు. ఉదాహరణకు బ్రిటన్‌లో డేటాబేస్‌లో రాసేది జంతువును చూసుకునే వ్యక్తి పేరు. ఆ వ్యక్తే యజమాని కానవసరం లేదు. అడిగినవారు ముందు దేశం చెబితే మనందరి శ్రమ తగ్గుతుంది.

అర్ధరాత్రి_దీపం:
దేశం చెప్పానని అనుకున్నాను, క్షమించండి. కెనడా, బ్రిటిష్ కొలంబియా. మాకు పెళ్లి కాలేదు, నాలుగేళ్లకు పైగా ఒకే ఇంట్లో ఉన్నాం. కలిసి ఉండటం మొదలైన ఆరు నెలలకు కుక్కను దత్తత తీసుకున్నాం. ఆ రోజు నాకు సెలవు దొరకక అతనొక్కడే వెళ్లి సంతకం పెట్టాడు, కాబట్టి కాగితం అతని పేరు మీదే ఉంది. అయితే దానికి చెవి ఇన్‌ఫెక్షన్ మాటిమాటికీ వస్తుంది, రోజుకు రెండుసార్లు చుక్కల మందు వేయాలి. వేసినప్పుడల్లా ఫ్రిజ్ మీది క్యాలెండర్‌లో టిక్కు పెడతాం. ఆ క్యాలెండర్లు మూడేళ్లవి నా దగ్గర ఉన్నాయి. ఇంకొక విషయం, స్నేహితులు దొంగతనం కేసు పెట్టమంటున్నారు. పెట్టనా?

నిదానం:
ఇప్పుడు సమాధానం చెప్పడానికి వీలైంది. మీ దగ్గర 2024 జనవరి 15 నుంచి కుటుంబ చట్టంలో, ఇంట్లో తోడుగా పెంచుకునే జంతువులకు విడిగా నిబంధనలు వచ్చాయి. పెళ్లి లేకపోయినా, వివాహం లాంటి బంధంలో కనీసం రెండేళ్లు కలిసి ఉన్నవారిని ఈ విషయంలో దంపతులుగానే చూస్తారు. కుక్కను ఎవరికి ఇవ్వాలో తేల్చేటప్పుడు కోర్టు చూసేవి చాలా ఉన్నాయి. దాన్ని ఏ పరిస్థితుల్లో తెచ్చుకున్నారు, ఎవరు ఎంతవరకు సాకారు, ఇంట్లో హింస జరిగిందా, జరిగే ముప్పు ఉందా, జంతువును ఎవరైనా హింసించారా లేదా హింసిస్తామని బెదిరించారా, పిల్లలుంటే వారికి దానితో ఎంత అనుబంధం ఉంది, ఇకమీదట దాని అవసరాలు తీర్చే మనసూ శక్తీ ఎవరికి ఉన్నాయి అన్నవి వాటిలో ముఖ్యమైనవి. దత్తత కాగితం మొదటిదాని కిందకు వస్తుంది. దాని బరువు దానికి ఉంటుంది గానీ దానితోనే కథ ముగియదు. మీ క్యాలెండర్లు రెండోదాని కిందకు వస్తాయి.

అయితే మీరు అడుగుతున్న వారం వారం పంపకాన్ని మాత్రం ఆ కోర్టు ఇవ్వలేదు. ఇద్దరూ ఉమ్మడి యజమానులని ప్రకటించడానికీ, స్వాధీనాన్ని పంచుకోమని ఆదేశించడానికీ వీల్లేదని చట్టమే చెబుతోంది. ఉత్తర్వు ఇస్తే కుక్క ఒకరిదే అవుతుంది. అదే మీరిద్దరూ ఒప్పందం రాసుకుంటే, ఉమ్మడిగా ఉంచుకోవచ్చు, వారాలు పంచుకోవచ్చు, ఒకరికే వదిలేయవచ్చు. మీకు ఆ ఫారం పేరు దొరకకపోవడానికి కారణం ఇదే.

దొంగతనం ఆలోచన మానుకోండి. కలిసి పెంచుకున్న కుక్కను ఇద్దరిలో ఒకరు తీసుకెళ్తే దాన్ని సాధారణంగా సివిల్ తగాదాగానే చూస్తారు. కుక్కల అపహరణను ప్రత్యేక నేరం చేస్తూ 2024లో ఇంగ్లండ్‌లో తెచ్చిన చట్టం కూడా, ఆ కుక్కతో ఒకే ఇంట్లో ఉండి విడిపోయిన వారిని దాని నుంచి మినహాయించింది. అదీగాక, కేసు పెట్టిన మర్నాడు ఒప్పందం గురించి మాట్లాడదామంటే అతను వింటాడా?

పాతఫైళ్లు:
పంచుకోమని చెప్పే అధికారం కోర్టుకు లేకపోవడం విడ్డూరంగా ఉంది. అమెరికాలో అలాస్కా 2017లో, ఇల్లినాయ్ 2018లో, కాలిఫోర్నియా 2019లో అమల్లోకి తెచ్చిన చట్టాల ప్రకారం విడాకుల కోర్టు పెంపుడు జంతువును ఒకరికే గాక ఇద్దరికీ ఉమ్మడిగా కూడా ఇవ్వవచ్చు. అక్కడ చేయగలిగింది బ్రిటిష్ కొలంబియాలో ఎందుకు చేయలేరు?

ఒక్కముక్క:
అమలు చేయించలేరు గనక. 1995లో ఫ్లోరిడాలో కింది కోర్టు కుక్కను చూసి వచ్చే హక్కును మాజీ భార్యకు ఇస్తే, అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. పిల్లల కేసుల పర్యవేక్షణతోనే కోర్టులు సతమతమవుతుంటే కుక్కల బాధ్యత కూడా ఎలా మోస్తామన్నది అక్కడి వాదన. ఆస్ట్రేలియాలో 2025 జూన్ 10 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం కూడా ఉమ్మడి ఏర్పాటును ఆదేశించనివ్వదు.

పదాల_పేచీ:
చూశారా, చివరికి అందరూ యాజమాన్యం దగ్గరికే వచ్చారు.

నిదానం:
క్యాలెండర్ గురించి ఒక ప్రశ్న అడగాలి. టిక్కులన్నీ మీరు పెట్టినవేనా?

అర్ధరాత్రి_దీపం:
ఇప్పుడే తీసి చూశాను. పొద్దుటి టిక్కులు నీలం పెన్నుతో నేను పెట్టినవి. రాత్రివి నల్ల పెన్నువి, ఎక్కువ అతనివే. పోయిన మార్చిలో నేను మూడు వారాలు పనిమీద వేరే ఊళ్లో ఉన్నప్పుడు పొద్దునా రాత్రీ నలుపే ఉంది, ఒక్క రోజు కూడా తప్పలేదు.

నిదానం:
అలాగైతే ఆ క్యాలెండర్ మీకెంత సాక్ష్యమో అతనికీ అంతే సాక్ష్యం. కోర్టులో ఇద్దరూ మంచి సంరక్షకులేనని తేలుతుంది, ఆ తర్వాత కుక్క ఒకరికే వెళుతుంది. ఆ ఒకరు ఎవరవుతారో నేను చెప్పలేను, మీరూ చెప్పలేరు. అందుకని ముందు ఒప్పందం కోసం ప్రయత్నించండి. కుక్కను మార్చుకునే రోజు, వైద్యం ఖర్చులో ఎవరి వాటా ఎంత, అత్యవసరంగా ఆపరేషన్ కావాలంటే ఎవరు నిర్ణయిస్తారు, ఎవరైనా ఊరు మారితే ఏం చేయాలి, ముసలితనంలో దాన్ని సూదిమందుతో శాశ్వతంగా నిద్రపుచ్చాల్సి వస్తే ఇద్దరి సమ్మతీ కావాలా అన్నవి అందులో రాసుకోండి. ఆఖరిదాన్ని రాయడానికి అందరూ వెనకాడతారు, తర్వాత పెద్ద పోట్లాట వచ్చేది దాని దగ్గరే. ఒప్పందం కుదరకపోతే, కుక్క గురించిన ఉత్తర్వును మీ ప్రొవిన్షియల్ కోర్టు కూడా ఇవ్వగలదు, దాని పైనున్న మీ బ్రిటిష్ కొలంబియా సుప్రీంకోర్టు (పేరు అదే గానీ దేశపు అత్యున్నత కోర్టు కాదు) దాకా వెళ్లనక్కర్లేదు. పెళ్లి కాని జంటలకు ఆస్తి విషయంలో విడిపోయిన రోజు నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది కాబట్టి, ఆ తేదీని ఎక్కడైనా రాసిపెట్టుకోండి.

అర్ధరాత్రి_దీపం:
అతనికి మెసేజ్ పెట్టాను. చుక్కల మందు సీసా ఇక్కడే ఉండిపోయింది, ఆ సంగతి కూడా రాశాను. రేపు సాయంత్రం వచ్చి తీసుకుంటానన్నాడు, కుక్కను వెంట తెస్తాడో లేదో చెప్పలేదు. అందరికీ ధన్యవాదాలు.

చిప్_పక్షం:
చిప్ ఎవరి పేరు మీద ఉందో మీరు ఇంతవరకూ చెప్పనేలేదు.