అన్న టేపుల పెట్టె: 'థ్రిల్లర్' వీడియోలో పల్లవి ఎక్కడికి పోయింది?

ప్రశ్న: నీలగిరి అభిమాని (నల్లగొండ)

అందరికీ నమస్కారం. పోయిన నెలలో పాత ఇంటి అటక మీది సామాను దించుతుంటే మా అన్న దాచుకున్న రేకు పెట్టె ఒకటి బయటపడింది. అందులో 23 ఆడియో క్యాసెట్లు, 4 వీడియో క్యాసెట్లు ఉన్నాయి. దాదాపు అన్నీ మైకేల్ జాక్సన్‌వే. కంపెనీ క్యాసెట్లు నాలుగో అయిదో ఉంటాయి. మిగిలినవన్నీ గడియారం సెంటర్ దగ్గరి రికార్డింగ్ దుకాణంలో చీటీ మీద పాటల పేర్లు రాసిచ్చి ఎక్కించుకున్నవి, లేదా మిత్రుల దగ్గర అరువు తెచ్చుకొని ఇంట్లో రెండు టేప్ రికార్డర్లు కలిపి దింపుకున్నవి. అన్న ఇప్పుడు దుబాయిలో ఉంటున్నాడు. ఫోన్ చేసి చెబితే, ఒక్కటి కూడా పారేయవద్దని, వీలైతే మన జిల్లాల్లోని అభిమానులకు కూడా వినిపించమని అన్నాడు. ఆ పని సక్రమంగా చేయాలన్నదే నా కోరిక, కానీ కొన్ని సందేహాలు పట్టుకున్నాయి.

మొదటిది 'థ్రిల్లర్' గురించి. కేబుల్ టీవీ నుంచి రికార్డు చేసిన ఒక వీడియో క్యాసెట్‌లో ఆ వీడియో దాదాపు పద్నాలుగు నిమిషాలు ఉంది. అయితే ఆడియో క్యాసెట్‌లో చరణం తర్వాత పల్లవి, మళ్లీ చరణం, మళ్లీ పల్లవి వస్తుంటే, వీడియోలో మాత్రం చరణాలన్నీ ఒకేసారి వరుసగా వచ్చి, పల్లవి చివరికి గానీ వినిపించడం లేదు. నడుమ ఎవరైనా కత్తిరించి అతికించారా? రెండవది, 'బ్లాక్ ఆర్ వైట్' వీడియో ముఖాలు ఒకదానిలోంచి ఒకటి మారే ఘట్టంతో ముగిసిపోతోంది, కానీ దాని తర్వాత నల్ల చిరుత ఒకటి వస్తుందని అన్న గట్టిగా చెబుతున్నాడు. మూడవది, అమెరికాలో ఉండే మా మేనత్త కొడుకు అప్పట్లో పంపిన క్యాసెట్ వేస్తే బొమ్మ నలుపు తెలుపుల్లో కనిపిస్తూ పైకి కిందికి దొర్లుతోంది. చివరగా, దుకాణంలో ఎక్కించిన 'బిల్లీ జీన్' 4 నిమిషాల 40 సెకన్లకే అయిపోతోంది, గొంతు కూడా కాస్త సన్నబడినట్లు ఉంది. ఇవి కాక, రెండు క్యాసెట్ల రీలు అంచున తెల్లటి పొడి పట్టి ఉంది. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: సూర్యాపేట స్టెప్పు

తమ్ముడూ, మీ 'థ్రిల్లర్' టేపును ఎవరూ కత్తిరించలేదు, నిశ్చింతగా ఉండండి. మీరు గమనించిన తేడాయే ఆ వీడియోకు ప్రాణం. 1982 నవంబరు చివర్లో విడుదలైన ఆల్బంలో ఆ పాట ఆరు నిమిషాల లోపే ఉంటుంది. 1983 డిసెంబరు 2న అమెరికా సంగీత చానల్ ఎంటీవీలో మొదటిసారి వచ్చిన వీడియోను దర్శకుడు జాన్ లాండిస్ ఒక చిన్న సినిమాలాగా తీశారు కనుక పాటను కథకు తగినట్లు విప్పి మళ్లీ పేర్చారు. సినిమా హాలులోంచి బయటికి వచ్చి, కథానాయిక ఓలా రే పక్కన నడుస్తూ, ఆమెను ఆటపట్టిస్తూ జాక్సన్ చరణాలన్నీ పాడేస్తాడు. ఆ నడక మధ్యలో పల్లవి వచ్చి ఉంటే కథ అక్కడే ఆగి పాట మొదలైపోయేది. తర్వాత శ్మశానం వస్తుంది. రికార్డులో చిట్టచివర వినిపించే, భయానక చిత్రాల నటుడు విన్సెంట్ ప్రైస్ గొంతు ఇక్కడ ముందుకు జరిగి, సమాధుల్లోంచి శవాలు లేచే దృశ్యం మీద పడుతుంది. ఆ తర్వాత మాటలే లేని సంగీతం మీద నృత్యం సాగి, శవంలా ఉన్న ముఖం మళ్లీ మనిషి ముఖమై మన వైపు తిరిగినప్పుడు మాత్రమే పల్లవి మొదలవుతుంది. అంతసేపు ఆపి ఉంచినందుకే ఆ క్షణంలో ఒళ్లు జలదరిస్తుంది. నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు గానీ, ఆ మలుపు దగ్గర ఇప్పటికీ ఊపిరి బిగబట్టి చూస్తాను.

మీ టేపు మొదటి నుంచి ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది. కథ మొదలవడానికి ముందు, తన వ్యక్తిగత విశ్వాసాల దృష్ట్యా ఈ చిత్రం క్షుద్రవిద్యలపై నమ్మకాన్ని ఏ విధంగానూ సమర్థించదని చెప్పే జాక్సన్ ప్రకటన అక్షరాల్లో కనిపించాలి. అది ఉంటే మీ అన్న సమయానికి బటన్ నొక్కాడన్నమాట. అమెరికా నుంచి వచ్చిన క్యాసెట్ మీద 'మేకింగ్ ఆఫ్' అని రాసి ఉంటే దాన్ని మరీ భద్రంగా ఉంచండి. రిక్ బేకర్ ఆ ముఖాలకు మేకప్ ఎలా వేశారో, నృత్య దర్శకుడు మైకేల్ పీటర్స్‌తో కలిసి జాక్సన్ ఆ అడుగులు ఎలా సాధన చేశారో అందులో చూడవచ్చు. మన దగ్గర చాలామంది ఆ నృత్యాన్ని ముందుగా 1985లో వచ్చిన 'దొంగ' సినిమాలో చిరంజీవి పాటలోనే చూశారు, అసలు వీడియో తర్వాతెప్పుడో చూశారు. నేనూ అంతే.

చిరుత విషయంలో మీ అన్న మాటే నిజం. 1991 నవంబరు 14న మొదటిసారి చూపినప్పుడు 'బ్లాక్ ఆర్ వైట్' పదకొండు నిమిషాల వీడియో. ముఖాలు మారిన తర్వాత నల్ల చిరుత ఒకటి మెట్లు దిగి వచ్చి జాక్సన్‌గా మారుతుంది, ఆపై సంగీతం లేకుండా, తడి వీధిలో తన అడుగుల చప్పుడే తాళంగా నాలుగు నిమిషాల పాటు నాట్యం చేస్తూ కారు అద్దాలు పగలగొడతాడు. ఆ విధ్వంసం మీద అభ్యంతరాలు రావడంతో ఆయన క్షమాపణ చెప్పారు, తర్వాతి ప్రసారాల్లో ఆ భాగాన్ని తీసేశారు. ఇంకొంత కాలానికి ఆ అద్దాల మీద జాతి ద్వేషపు రాతలు చేర్చిన ప్రతి కూడా వచ్చింది, ఆయన కోపం దేని మీదనో చూసేవారికి తెలియాలని. మీ దగ్గర ఉన్నది పొట్టి ప్రతి. నా మటుకు నాకు ఆయన చేసిన నృత్యాలన్నింటిలో ఆ నాలుగు నిమిషాలే గొప్పవి, ఎందుకంటే పాట ఆసరా లేకుండా ఒంటి మీదే అంతా మోశాడు.

అలాగే మీ పెట్టెలో 'బ్యాడ్' వీడియో ఉంటే, అది నాలుగు నిమిషాలకే ముగుస్తుందేమో చూడండి. దర్శకుడు మార్టిన్ స్కోర్సెసీ తీయగా 1987లో వచ్చిన పూర్తి ప్రతి పద్దెనిమిది నిమిషాలు ఉంటుంది. చాలా భాగం నలుపు తెలుపుల్లో సాగి, రైల్వే స్టేషన్‌లో పాట మొదలైన చోట రంగుల్లోకి మారుతుంది. టీవీల్లో ఎక్కువగా వేసింది ఆ రంగుల ముక్కనే.

జవాబు: పాలమూరు రీలు (మహబూబ్‌నగర్)

నేను పదకొండేళ్లు రికార్డింగ్ సెంటర్‌లో పనిచేశాను కనుక టేపుల సంగతి వరకు చెబుతాను.

అన్నిటికంటే ముందు ఆ తెల్లటి పొడి. అది ఫంగస్, అంటే బూజు. ఆ రెండు క్యాసెట్లను ఎట్టి పరిస్థితిలోనూ మంచి డెక్కులో వేయవద్దు. ఆ పొడి హెడ్‌కు, అంటే రీలును చదివే భాగానికి, అంటుకొని, తర్వాత వేసే ప్రతి క్యాసెట్‌కూ పాకుతుంది. వాటిని విడిగా ఒక డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో కొన్నాళ్లు ఉంచి, బాగా ఆరిన తర్వాత ముక్కుకు గుడ్డ కట్టుకొని, మరలు విప్పి, తడి లేని మెత్తటి గుడ్డతో రీలు అంచులను నెమ్మదిగా తుడవాలి. తర్వాత కూడా వాటిని ఒక పాత మెషీన్‌లోనే వేసి, ప్రతిసారీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో హెడ్ తుడుచుకోవాలి. ఇక మిగిలిన క్యాసెట్లను పెట్టెలోకి తిరిగి సర్దే ముందు వెనక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ పలకలను విరిచేయండి, లేకపోతే పొరపాటున ఎర్ర బటన్ నొక్కితే పాట పోయినట్లే. అటక మీద మాత్రం మళ్లీ పెట్టవద్దు. మన ఎండలకు రేకు పెట్టెలో రీలు వంకర తిరుగుతుంది, పైగా తొంభై నిమిషాల సీ-90 క్యాసెట్ల రీలు అరవై నిమిషాల సీ-60 కంటే పలచన కావడంతో అవి ముందే సాగిపోతాయి. లోపలి గదిలో బీరువాలో, స్పీకర్లకు దూరంగా, నిలబెట్టి ఉంచండి.

అమెరికా క్యాసెట్‌కు ఏ జబ్బూ లేదు. అక్కడి టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, సెకనుకు 30 బొమ్మలు, 525 గీతలు. మనది పాల్, 25 బొమ్మలు, 625 గీతలు. మీ వీసీపీ (వీడియో క్యాసెట్ ప్లేయర్) పాల్ ఒక్కటే చదివేది అయి ఉంటుంది, అందుకే రంగు పోయి బొమ్మ దొర్లుతోంది. రెండు పద్ధతులూ చదివే మల్టీ సిస్టమ్ డెక్కు కావాలి. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో అడిగితే పాత డెక్కులు బాగుచేసేవారి ఆచూకీ దొరకవచ్చు.

'బిల్లీ జీన్' ఆల్బంలో 4 నిమిషాల 54 సెకన్లు, అంటే 294 సెకన్లు. మీది 280 సెకన్లకు ముగుస్తోందంటే నూటికి అయిదు వంతుల వేగం ఎక్కువ, గొంతు సన్నబడింది కూడా అందుకే. అయితే తప్పు మీ ప్లేయర్‌దా, దుకాణం డెక్కుదా అన్నది ముందు తేలాలి. అదే ప్లేయర్‌లో ఒక కంపెనీ క్యాసెట్ వేసి గడియారం పట్టి చూడండి. అది సరిగ్గా ఆడితే దుకాణం డెక్కు మోటారు ఆ రోజు మెల్లగా తిరిగిందన్నమాట. మెల్లగా ఎక్కించిన రీలు సరైన వేగంతో ఆడితే పాట పరుగెత్తుతుంది. బెల్టు సాగిన డెక్కులతో మేము కూడా ఇటువంటివి ఎన్నో ఎక్కించి ఇచ్చాము, పిల్లలు అయిదో పదో కూడబెట్టుకొని వచ్చి పట్టుకుపోయేవారు. ఇప్పుడు తలచుకుంటే మనసుకు కష్టంగా ఉంటుంది.

ఇక ఒక్క మాట మనస్ఫూర్తిగా చెబుతాను. టేపును కంప్యూటర్‌లోకి దింపేటప్పుడు పాటలను విడివిడిగా కోయవద్దు. మొదటి నుంచి చివరి దాకా, రెండు వైపులా, ఖాళీగా ఉన్నట్లు అనిపించే చోట్లతో సహా దింపండి. జాక్సన్ పాటలు ఇంతకంటే శుభ్రంగా కంపెనీయే అమ్ముతోంది, వాటి హక్కులూ దానివే కాబట్టి పాటల ప్రతులు తీసి పంచవలసిన అవసరమూ లేదు, పంచకూడదు కూడా. మీ పెట్టెలో తప్ప మరెక్కడా దొరకనిది పాటకూ పాటకూ నడుమ ఉంటుంది. ఏ పాట తర్వాత ఏ పాట రాయించుకున్నాడు, ఎక్కడ సగంలో ఆపి వేరేది మొదలుపెట్టాడు, అట్ట మీద ఏ పేరును ఎలా రాసుకున్నాడు అన్నవి మీ అన్నవి. అభిమానులకు చూపవలసింది కూడా అదే.

జవాబు: నారాయణపేట శ్రోత

మా మేనమామ ముంబైలో సెంట్రింగ్ పనిచేసేవారు. 1996 నవంబరు 1న అంధేరి స్పోర్ట్స్ కాంప్లెక్స్‌లో మైకేల్ జాక్సన్ ప్రదర్శన ఇచ్చినప్పుడు ఆయన ఆ నగరంలోనే ఉన్నారు గానీ టికెట్టు కొనే స్తోమత లేదు. ఆ తర్వాతి సంక్రాంతికి ఊరికి వస్తూ ఫుట్‌పాత్ మీద కొన్న 'హిస్టరీ' క్యాసెట్ తెచ్చి నా చేతిలో పెట్టారు. అట్ట చినిగింది, కానీ క్యాసెట్ ఇంకా ఆడుతోంది. చూడాలనుకుంటే తీసుకొని వస్తాను.

నాదొక సందేహం. 'స్మూత్ క్రిమినల్'లో అందరూ కలిసి ముందుకు పడిపోయేంతగా వంగే ఘట్టం ఉంది కదా, అది కెమెరా మాయేనా? వేదిక మీద కూడా చేశాడని మామ అనేవారు.

జవాబు: సూర్యాపేట స్టెప్పు

మామగారు చెప్పింది నిజమే. 1988 నాటి వీడియోలో తీగల సాయంతో వంగారు. వేదిక మీద తీగలు కుదరవు కాబట్టి ప్రత్యేకంగా బూట్లు తయారుచేయించారు. మడమలో ఒక గాడి ఉంటుంది, సమయానికి నేల నుంచి పైకి లేచే మేకుకు దాన్ని తగిలించి వంగుతారు. ఆ బూట్లకు జాక్సన్‌తో పాటు మరో ఇద్దరి పేర 1993లో అమెరికా పేటెంటు కూడా వచ్చింది. అయినా పిక్కల్లో, నడుములో బలం లేనిదే మేకు ఒక్కటీ మనిషిని తిరిగి లేపలేదు.

జవాబు: నీలగిరి అభిమాని (నల్లగొండ)

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్లే ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చాను. 'థ్రిల్లర్' ముందు ఆ ప్రకటన ఉంది, మొదటి వరుస సగం తెగింది గానీ ఉంది. కంపెనీ క్యాసెట్ నా ప్లేయర్‌లో సరిగ్గా 4 నిమిషాల 54 సెకన్లు ఆడింది కాబట్టి తప్పు దుకాణం డెక్కుదే. బూజు పట్టిన వాటిలో ఒకటి శుభ్రమైంది, రెండవది ఇంకా ఆరుతోంది.

పాలమూరు అన్నగారూ, మీ మాట విని శుభ్రమైన క్యాసెట్‌ను కోయకుండా చివరి దాకా దింపాను. రెండవ వైపు పాటలు అయిపోయిన తర్వాత కొంతసేపు ఉత్త గరగర వచ్చింది. ఆపేద్దామనుకుంటుండగా మా పాత ఇంటి హాలు వినిపించింది. టేప్ రికార్డర్‌కు ఉండే మైకుతో అన్న ఎప్పుడో రికార్డు చేశాడు. అతని స్నేహితుడెవరో "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని లెక్కపెడుతున్నాడు, షాబాదు బండల మీద సాక్సులు జారుతున్న చప్పుడు వస్తోంది. క్యారమ్ బోర్డు పౌడరు చల్లి అన్న మూన్‌వాక్ సాధన చేసేవాడని అమ్మ చెబితే విన్నాను గానీ, నేను అప్పటికి చాలా చిన్నవాణ్ని. అంతలో మా నానమ్మ గొంతు: "ఆ బండలు అరిగిపోతయ్ రా, ఇగ పండుకోండ్రి." నానమ్మ గొంతు మా ఇంట్లో మరెక్కడా రికార్డయి లేదు.

ఆ ముక్కను రాత్రే దుబాయికి పంపాను. అన్న ఇప్పటిదాకా మూడుసార్లు ఫోన్ చేశాడు.

27 క్యాసెట్ల జాబితా, అట్టల ఫోటోలతో సహా, ఈ వారంలో ఇక్కడ పెడతాను. ఆగస్టు 29 జాక్సన్ పుట్టినరోజు కాబట్టి ఆ దగ్గరి ఆదివారం మా ఇంట్లో కూర్చొని చూద్దాం. నారాయణపేట అన్నగారు మామగారి క్యాసెట్ తప్పక తీసుకురావాలి. మల్టీ సిస్టమ్ డెక్కు ఎవరి దగ్గరైనా ఉంటే ముందుగా చెప్పండి, నల్లగొండ బస్టాండు దాకా వచ్చి నేనే మోసుకొస్తాను.